చేపల ట్యాంకులో అమ్మోనియా పెరిగితే: నీళ్లు మార్చండి, ఫిల్టర్‌ని కాపాడుకోండి

చేపలు నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయంటే చాలామంది చేసే మొదటి పని ఒకటే. ట్యాంకంతా ఖాళీ చేసి, గులకరాళ్లు కుళాయి కింద రుద్ది, ఫిల్టర్ స్పాంజిని సబ్బుతో కడిగి, కొత్త నీళ్లు నింపుతారు. ట్యాంకు అద్దంలా మెరుస్తుంది. మూడు నాలుగు రోజులకి చేపలు మళ్లీ పైకి వస్తాయి, ఈసారి ఒకటో రెండో చచ్చిపోతాయి కూడా.

చేపలు విడిచే అమ్మోనియాను తిని బతికే బాక్టీరియా ఆ మురికి స్పాంజిలోనే, గులకరాళ్ల మీది జిగురు పొరలోనే ఉంటుంది. నీళ్లలో తేలుతూ ఉండేది చాలా తక్కువ. అందుకే నీళ్లు ఎన్ని పారబోసినా బాక్టీరియాకు నష్టం లేదు. స్పాంజిని కడిగేస్తే మాత్రం మళ్లీ మొదటికి వస్తాం. నీళ్లు మార్చవచ్చు, ఫిల్టర్ జోలికి పోకూడదు: ఈ తేడా తెలిస్తే మిగతాదంతా కొలతలూ లెక్కలే.

మొదటి గంటలో

ముందు మేత ఆపండి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలు నాలుగైదు రోజులు మేత లేకపోయినా తట్టుకుంటాయి. పిల్ల చేపలకు మాత్రం పూర్తిగా ఆపలేం కాబట్టి వాటికి చిటికెడులో సగం వేసి, తినగా మిగిలింది వెంటనే తీసెయ్యండి.

ఎయిర్ పంప్ ఉంటే పెట్టండి. లేకపోతే ఫిల్టర్ నుంచి నీరు వచ్చే మూతిని నీటి మట్టానికి కాస్త పైకి తిప్పి, నీరు అలలు రేగేలా పడనివ్వండి. అమ్మోనియా దెబ్బ తగిలేది మొప్పలకే. దెబ్బతిన్న మొప్పలతో ఊపిరి పీల్చుకోవాలంటే నీళ్లలో ఆక్సిజన్ మామూలుకంటే ఎక్కువ ఉండాలి. బాక్టీరియాకూ అది కావాల్సిందే: అమ్మోనియాలోని ఒక గ్రాము నత్రజనిని నైట్రేట్‌గా (చేపలకు అంతగా హాని చెయ్యని రూపం) మార్చడానికి దాదాపు 4.6 గ్రాముల ఆక్సిజన్ ఖర్చవుతుంది.

తర్వాత చేపల్ని లెక్కపెట్టండి. ఒకటి తక్కువైతే రాళ్ల వెనక, ఫిల్టర్ పీల్చుకునే గొట్టం దగ్గర, మొక్కల మొదళ్లలో, అలంకరణ బొమ్మల లోపల వెతకండి. చచ్చిన చేప ఒక్కటి కనిపించకుండా కుళ్లినా చిన్న ట్యాంకును పాడుచెయ్యడానికి చాలు. చచ్చిన నత్త కూడా అంతే. కదలని నత్తను పైకి తీసి వాసన చూస్తే బతికుందో లేదో ఇట్టే తెలిసిపోతుంది.

పరీక్ష ఎలా చెయ్యాలి

పైకి వచ్చి గుటకలు వేయడం, మొప్పలు ఎర్రబడటం, రెక్కలు ముడుచుకుని మూలన నిలబడటం, ఉన్నట్టుండి అటూ ఇటూ దూసుకెళ్లడం ఇవన్నీ అమ్మోనియా లక్షణాలే. కానీ ఆక్సిజన్ తగ్గినా, నైట్రైట్ (అమ్మోనియా నైట్రేట్‌గా మారే దారిలో మధ్యలో ఏర్పడే విషం) పెరిగినా, కుళాయి నీళ్లలోని క్లోరిన్ తగిలినా చేపలు ఇంచుమించు ఇలాగే ప్రవర్తిస్తాయి. కంటితో చూసి తేల్చలేం. టెస్ట్ కిట్ ఉండాల్సిందే.

కాగితపు పట్టీలకన్నా చుక్కల కిట్ నయం. గాజు గొట్టాన్ని ముందు ట్యాంకు నీళ్లతోనే రెండుసార్లు తొలిచి, గీత వరకు నింపండి. సీసాను నిలువుగా తలకిందులు చేసి పట్టుకుంటేనే చుక్కలన్నీ ఒకే పరిమాణంలో పడతాయి. వంచి పట్టుకుంటే లెక్క తప్పుతుంది. గొట్టాన్ని బొటనవేలితో మూసి కుదపకండి, దాని మూతే పెట్టండి. వేలి చెమట వల్ల కూడా ఫలితం మారవచ్చు. కిట్ ఐదు నిమిషాలు ఆగమంటే గడియారం చూసి ఐదు నిమిషాలే ఆగండి. రంగును పగటి వెలుతురులో, తెల్ల కాగితం ముందు పెట్టి పోల్చండి. పసుపు రంగు లైటు కింద చూస్తే రంగుల తేడా సరిగ్గా తెలియదు. పరీక్షించిన నీళ్లను మళ్లీ ట్యాంకులో పోయకండి. కిట్‌లోని ద్రవాలు చర్మాన్ని కాల్చేవి, చేపలకు విషం.

రంగు పసుపు నుంచి ఆకుపచ్చకు మారే కిట్లు ఒక రకం. పసుపు నుంచి నారింజ, గోధుమ రంగుకు మారేవి ఇంకో రకం. ఈ రెండో రకం కొన్ని క్లోరిన్ విరుగుడు మందులు వాడిన నీళ్లలో అబద్ధం చెబుతుంది, లేని అమ్మోనియాను ఉన్నట్టు చూపిస్తుంది. మందు వేసిన రోజు ఈ కిట్‌ను నమ్మి కంగారు పడకండి.

రంగు పట్టికలో చివరి గడికి చేరిందంటే అసలు అంకె ఇంకా పైన ఉండొచ్చు. అప్పుడు ఒక వంతు ట్యాంకు నీళ్లకు మూడు వంతులు డిస్టిల్డ్ వాటర్ కలిపి పరీక్షించి, వచ్చిన అంకెను నాలుగుతో గుణించండి. మీరు మార్చడానికి వాడే కుళాయి నీళ్లను కూడా ఇదే సందర్భంలో ఒకసారి పరీక్షించండి. కొన్నిచోట్ల నీటి సరఫరాలో క్లోరిన్‌కు బదులు క్లోరమిన్ కలుపుతారు. అది క్లోరిన్, అమ్మోనియా కలిసిన పదార్థం. విరుగుడు వెయ్యగానే క్లోరిన్ పోయి అమ్మోనియా మిగులుతుంది. ఎన్నిసార్లు నీళ్లు మార్చినా అంకె ఒకచోటే ఆగిపోయిందంటే కారణం ఇదై ఉండవచ్చు.

అంకె ఒక్కటే చూస్తే చాలదు

కిట్ చూపించేది మొత్తం అమ్మోనియా. అందులో రెండు రూపాలు ఉంటాయి. ఒకటి అమ్మోనియం, దాని వల్ల చేపకు జరిగే హాని తక్కువ. రెండోది స్వేచ్ఛగా ఉండే అమ్మోనియా, మొప్పల్ని కాల్చేది ఇదే. ఏది ఎంత ఉంటుందన్నది పీహెచ్ (నీళ్లు ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చెప్పే అంకె) మీద, ఆ తర్వాత వేడి మీద ఆధారపడి ఉంటుంది.

నీరు 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉన్నప్పుడు మొత్తంలో విషరూపం వాటా ఇలా ఉంటుంది:

పీహెచ్ 6.5 అయితే 0.18 శాతం
7.0 అయితే 0.57 శాతం
7.5 అయితే 1.8 శాతం
8.0 అయితే 5.4 శాతం
8.5 అయితే 15 శాతం

పీహెచ్ ఒక అంకె పెరిగితే విషం దాదాపు పది రెట్లు అవుతుందన్నమాట. వేడి ప్రభావం అంత తీవ్రం కాదు కానీ ఉంటుంది: పీహెచ్ 8 దగ్గర 20 డిగ్రీల్లో 3.8 శాతం ఉన్నది 30 డిగ్రీల్లో 7.5 శాతం అవుతుంది.

ఈ విషరూపం 0.02 పీపీఎం దాటకుండా చూసుకోవాలి. 0.05 దాటితే మొప్పలు దెబ్బతినడం మొదలవుతుందనుకోండి. పీపీఎం అంటే లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము. ఇప్పుడు లెక్క వెయ్యండి: కిట్ 1 పీపీఎం చూపించింది, పీహెచ్ 7. విషం 0.006 కూడా లేదు. తొందర లేదు, రోజూ పావు వంతు నీళ్లు మారుస్తూ దించవచ్చు. అదే 1 పీపీఎం పీహెచ్ 8 దగ్గర అయితే 0.054. ఇక్కడ రేపటిదాకా ఆగకూడదు. పీహెచ్ 8 దాటిన ట్యాంకులో అర పీపీఎం చూసినా ఆ రోజే సగం నీళ్లు మార్చండి.

మొక్కలు దట్టంగా ఉన్న ట్యాంకుల్లో, పాచి పట్టి పచ్చబడిన నీళ్లలో పీహెచ్ పొద్దున తక్కువగా ఉండి సాయంత్రానికి పెరుగుతుంది. మొక్కలు వెలుతురులో కార్బన్ డయాక్సైడ్‌ను వాడేసుకోవడమే దానికి కారణం. ఇలాంటి ట్యాంకును సాయంత్రం పూట పరీక్షించాలి. పొద్దున చూసిన అంకెతో నిశ్చింతగా ఉంటే మోసపోతారు.

పీహెచ్ దించితే సరిపోతుంది కదా అని నిమ్మరసమో ఆమ్లమో పోసేవాళ్లున్నారు. ఆ పని చెయ్యకండి. నీళ్లలోని క్షారత (పీహెచ్ పడిపోకుండా నిలబెట్టే గుణం) కొద్దిసేపట్లోనే పీహెచ్‌ను వెనక్కి లాగుతుంది. ఆ ఊగిసలాట అమ్మోనియాకు తోడై చేపను ఇంకా కుంగదీస్తుంది.

నీళ్లు మార్చే పద్ధతి

ముందు ట్యాంకులో ఎన్ని నీళ్లున్నాయో తెలియాలి. పొడవు, వెడల్పు, నీటి ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 1000తో భాగిస్తే లీటర్లు వస్తాయి. 60 పొడవు, 30 వెడల్పు, 33 ఎత్తు అయితే 59 లీటర్లు. గులకరాళ్లకు, రాళ్లకు పదోవంతు తీసేస్తే 53.

సగం నీళ్లు మారిస్తే అమ్మోనియా సగం అవుతుంది. 3 పీపీఎం ఉంటే 1.5కు దిగుతుంది. కొన్ని గంటలాగి ఇంకోసారి సగం మారిస్తే 0.75. అదే పదేసి శాతం చొప్పున మూడుసార్లు మారిస్తే 2.2 దగ్గరే ఆగుతుంది, చేసిన శ్రమకు ఫలితం ఉండదు. అందుకే రోజూ నీళ్లు మారుతున్న ట్యాంకులో అవసరమైతే ధైర్యంగా సగం మార్చండి. (దీనికి ఒక మినహాయింపు ఉంది. అది తర్వాతి భాగంలో ఉంది, చదవకుండా బకెట్ ఎత్తకండి.)

కొత్త నీళ్ల వేడి ట్యాంకు నీళ్లకు ఒకటి రెండు డిగ్రీల తేడాలో ఉండాలి. క్లోరిన్ విరుగుడును బకెట్లోనే కలిపితే బకెట్ నీళ్లకు సరిపడా వెయ్యండి. గొట్టంతో నేరుగా ట్యాంకులోకి పడుతుంటే మొత్తం ట్యాంకు పరిమాణానికి సరిపడా ముందే వెయ్యండి. మామూలు క్లోరిన్ అయితే నీళ్లను ఒక రోజు ఎయిర్ స్టోన్ పెట్టి నిలవ ఉంచితే పోతుంది. క్లోరమిన్ అలా పోదు, మందు వెయ్యాల్సిందే.

సైఫన్ గొట్టంతో తీసేటప్పుడు అడుగున పేరుకున్న మేత, రెట్టలు కూడా లాగండి. కానీ గులకరాళ్ల పొరనంతా ఒకేసారి కెలికితే లోపల కుళ్లుతున్నదంతా నీళ్లలో కలుస్తుంది. ఈసారి మూడో వంతు, వచ్చేసారి ఇంకో మూడో వంతు.

నెలల తరబడి నీళ్లు మార్చని పాత ట్యాంకు

అన్నిటికన్నా ఎక్కువ చేపలు చనిపోయేది ఇక్కడే, అదీ బాగుచెయ్యబోయినప్పుడే.

బాక్టీరియా అమ్మోనియాను మార్చే క్రమంలో నీటిలోని క్షారతను తినేస్తుంది. ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నత్రజనికి 7 మిల్లీగ్రాములకు పైగా క్షారత పోతుంది. 50 లీటర్ల ట్యాంకులో రోజుకు గ్రాము మేత వేస్తుంటే, నీళ్లు మార్చకపోతే, 4 డిగ్రీల కేహెచ్ (క్షారతను కొలిచే అంకె) రెండు వారాల్లో హరించుకుపోతుంది. ఆ తర్వాత పీహెచ్ జారిపోతుంది. 6.5 కిందకు వస్తే బాక్టీరియా మందగిస్తుంది, 6 దగ్గర దాదాపు ఆగిపోతుంది. అమ్మోనియా పేరుకుంటుంది. అయితే అంత తక్కువ పీహెచ్‌లో అదంతా అమ్మోనియం రూపంలోనే ఉంటుంది కాబట్టి చేపలు బతికే ఉంటాయి.

ఇప్పుడు పీహెచ్ 6 ఉన్న ట్యాంకులో కిట్ 5 పీపీఎం చూపించిందనుకోండి. విషం 0.003 మాత్రమే. కంగారుపడి పీహెచ్ 7.8 ఉన్న నీళ్లతో సగం మార్చారు. మొత్తం 2.5కు దిగింది, కానీ పీహెచ్ 7.5కు ఎక్కింది. విషం 0.044. అమ్మోనియా సగమైంది, విషం పదిహేను రెట్లు పెరిగింది! మారుస్తుండగానే చేపలు పల్టీలు కొడతాయి.

అందుకే నీళ్లు మార్చే ముందు ట్యాంకు పీహెచ్, కొత్త నీళ్ల పీహెచ్ రెండూ చూడండి. తేడా 0.5 లోపుంటే సగం మార్చవచ్చు. ఒకటి, అంతకన్నా ఎక్కువ ఉంటే పూటకు పది శాతం చొప్పున, రోజుకు రెండుసార్లు, వారం పాటు మార్చండి. పీహెచ్ రోజుకు 0.2 లేదా 0.3 కంటే ఎక్కువ పెరగనివ్వకండి. వంటసోడా కేహెచ్ పెంచుతుంది, 100 లీటర్లకు 3 గ్రాములు వేస్తే ఒక డిగ్రీ పెరుగుతుంది. కానీ అమ్మోనియా ఉండగా వేస్తే పీహెచ్ ఎగిరి పైన చెప్పిందే జరుగుతుంది. అంకె సున్నాకు దగ్గరయ్యాకే దాని సంగతి చూడండి.

దూరం నుంచి సంచిలో వచ్చిన చేపల విషయంలోనూ ఇదే సూత్రం. మూసిన సంచిలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని పీహెచ్ తక్కువగా ఉంటుంది. మూతి విప్పగానే ఆ వాయువు పోయి, పీహెచ్ పెరిగి, సంచిలోని అమ్మోనియా విషంగా మారుతుంది. సంచిని మూసి ఉంచే ట్యాంకు నీళ్లపై పావుగంట తేలనిచ్చి, విప్పాక ఆలస్యం చెయ్యకుండా చేపల్ని వలతో తీసి ట్యాంకులో వదలండి. సంచి నీళ్లు పారబోయండి.

ఎక్కడి నుంచి వచ్చింది

అంకె దిగాక కారణం వెతకాలి. ఎక్కువసార్లు అది మేత డబ్బాలోనే ఉంటుంది. 40 శాతం ప్రొటీన్ ఉన్న మేత ఒక గ్రాము చేపలు పూర్తిగా తిన్నా దాదాపు 37 మిల్లీగ్రాముల అమ్మోనియా నత్రజని విడుదలవుతుంది. 50 లీటర్ల ట్యాంకుకు అది 0.7 పీపీఎం, ఒక్క రోజుకే. తినకుండా అడుగున కుళ్లితే 1.3 వరకు వెళ్తుంది. చెంచాతో వేసే అలవాటు మాని ఒక వారం చిన్న త్రాసులో తూచి వెయ్యండి. ఎంత వేస్తున్నారో చూసి మీరే ఆశ్చర్యపోతారు.

రెండోది కరెంటు పోవడం. ఫిల్టర్ ఆగితే మూసి ఉన్న డబ్బాలో ఆక్సిజన్ అయిపోతుంది, కొన్ని గంటల్లో లోపలి నీరు కుళ్లు వాసన కొడుతుంది. కరెంటు రాగానే ఆ నీరంతా ట్యాంకులోకి వస్తుంది. రెండు మూడు గంటలకు మించి ఆగితే డబ్బా తెరిచి, ఆ నీళ్లు పారబోసి, ట్యాంకు నీళ్లతో ఒకసారి తొలిచి పెట్టండి. ఎక్కువసేపు రాదనిపిస్తే స్పాంజిని తీసి ట్యాంకులోనే, బ్యాటరీ ఎయిర్ పంప్ బుడగల దగ్గర వేలాడదీయండి.

ఇక మిగిలినవి: కొత్త చేపల్ని ఒకేసారి ఎక్కువ వదలడం, యాంటీబయాటిక్ మందులు, ఫిల్టర్ సామాగ్రి మొత్తం ఒకేసారి మార్చడం. స్పాంజి నిజంగా మూసుకుపోయి నీరు సన్నగా వస్తుంటే, ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే రెండు మూడుసార్లు పిండండి. నీళ్లు తెల్లగా వచ్చేదాకా పిండాల్సిన పనిలేదు. పాతది చిరిగిపోతే కొత్తదాన్ని దాని పక్కనే నాలుగు నుంచి ఆరు వారాలు నడిపి, ఆ తర్వాత పాతది తియ్యండి.

మందులు, జియోలైట్, ఉప్పు

అమ్మోనియాను కట్టివేస్తామనే సీసా మందులు నీళ్లు మార్చడానికి ప్రత్యామ్నాయం కావు. క్లోరమిన్ ఉన్న నీళ్లకు పనికొస్తాయి, లేబుల్ మీది కొలత దాటకండి. రోజూ అవి పోస్తూ కారణాన్ని వదిలేస్తే కుండ కారుతుంటే కింద గిన్నె పెట్టినట్టే.

జియోలైట్ రాయి మంచినీటి ట్యాంకుల్లో అమ్మోనియంను పీల్చుకుంటుంది. ఫిల్టర్‌లో పెట్టే ముందు బాగా కడగండి, లేకపోతే తెల్లటి పొడి వదులుతుంది. నిండిపోయాక లీటరుకు 50 గ్రాముల ఉప్పు కలిపిన నీళ్లలో ఒక రోజు నానబెట్టి కడిగితే మళ్లీ పనిచేస్తుంది. ఉప్పు దాని నుంచి అమ్మోనియాను తోసేస్తుంది. ఆ పని ట్యాంకులోనే జరిగితే కొంప మునుగుతుంది: జియోలైట్ ఉన్న ట్యాంకులో ఉప్పు వేస్తే పీల్చుకున్నదంతా తిరిగి వదులుతుంది.

ఉప్పు అమ్మోనియాకు మందు కానే కాదు. తర్వాత వచ్చే నైట్రైట్‌కు మాత్రం మంచిది. అమ్మోనియా తగ్గుతుండగా నైట్రైట్ పెరగడం మామూలే, అది రక్తాన్ని ఆక్సిజన్ మోయనివ్వదు. 10 లీటర్లకు ఒక గ్రాము చొప్పున ఉప్పు ముందు వేరే నీళ్లలో కరిగించి పోస్తే నైట్రైట్ మొప్పల ద్వారా లోపలికి వెళ్లడం తగ్గుతుంది. ముందు జియోలైట్ తీసెయ్యండి.

కొత్త ట్యాంకు అయితే

బాక్టీరియా ఇంకా పుట్టలేదు. చేపలు ఇప్పటికే ఉంటే రెండు రోజులకోసారి చిటికెడు మేత, రోజూ పరీక్ష, మొత్తం అమ్మోనియా 0.5 చేరితే సగం నీళ్లు. ఇలా నాలుగు నుంచి ఆరు వారాలు పట్టవచ్చు. జబ్బుల్లేని పాత ట్యాంకు నుంచి వాడిన స్పాంజి ముక్క దొరికితే అన్ని సీసాలకన్నా అదే మేలు. తడి ఆరకుండా తెచ్చి మీ ఫిల్టర్‌లో ఇరికిస్తే వారాల పని రోజుల్లో అవుతుంది.

చేపలు లేకపోతే ఇంకా సులువు. అమ్మోనియం క్లోరైడ్ 10 గ్రాములు లీటరు నీళ్లలో కరిగించి ఉంచుకోండి. 50 లీటర్ల ట్యాంకుకు అందులోంచి 30 మి.లీ. పోస్తే సుమారు 2 పీపీఎం వస్తుంది. అది సున్నాకు దిగినప్పుడల్లా మళ్లీ పొయ్యండి. పోసిన 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా అయితే ఫిల్టర్ సిద్ధమైనట్టు. ముప్పావు వంతు నీళ్లు మార్చి చేపల్ని కొద్దికొద్దిగా వదలండి. ఇల్లు తుడిచే అమ్మోనియా ద్రవం వాడాలనుకుంటే సీసా ఊపి చూడండి. నురగ నిలిచిందంటే అందులో సబ్బు ఉంది, వాడకూడదు.

మళ్లీ మేత ఎప్పుడు

వరసగా రెండు రోజులు అమ్మోనియా, నైట్రైట్ సున్నా ఉంటే మామూలు మేతలో పావు వంతుతో మొదలుపెట్టండి. మర్నాడు పరీక్షించి, అంకె కదలకపోతే సగానికి పెంచండి. అలా వారం పట్టినా తొందరపడకండి. ఈ వారంలో చేప ఒంటి మీద, రెక్కల అంచుల్లో నల్ల మచ్చలు కనిపిస్తే భయపడనక్కర్లేదు. అమ్మోనియా తగిలిన చోట చర్మం మానుతున్నప్పుడు అలా రావచ్చు, కొన్ని వారాల్లో వాటంతటవే పోతాయి. పరీక్ష మొదట రోజూ, తర్వాత రోజు విడిచి రోజు, ఆపైన వారానికోసారి చాలు. కొత్త చేప వచ్చినా, ఫిల్టర్ పిండినా, మందు వాడినా మూడో రోజు తప్పకుండా ఒకసారి చూడండి.